సంక్రాంతికి ఊరు వెళ్లినా వ్యాయామం చెడకుండా చూసుకోవడం ఎలా?

జనవరి 1న కొత్త బూట్లతో మొదలుపెట్టిన నడక 12వ తేదీకల్లా ఆగిపోతే తప్పంతా మీదే కాదు, క్యాలెండరుది కూడా. కొత్త సంవత్సరం తీర్మానానికీ ఊరి బస్సుకూ మధ్య రెండు వారాలు కూడా ఉండవు. అలవాటు వేళ్లూనుకోకముందే సెలవులు వచ్చిపడతాయి. ఏళ్ల తరబడి వ్యాయామం చేస్తున్నవారి ఇబ్బంది వేరు. డిసెంబరు చివర్లో ఒకసారి పండగ గాలి సోకిందంటే, మళ్లీ జిమ్ ముఖం చూసేది జనవరి నెలాఖరుకే.

భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజుల్లో తిన్న తిండికి ఎవరి ఒళ్లూ పాడైపోదు. నష్టమంతా ఆ మూడు రోజులకు ముందూ వెనకా జరుగుతుంది. "పండగ అయ్యాక చూద్దాంలే" అని చేతులెత్తేసిన వారం ఒకటి. ఊరి నుంచి తెచ్చుకున్న పిండివంటల డబ్బాలు ఖాళీ అయ్యేదాకా సాగే రెండు మూడు వారాలు మరొకటి. 2000లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 195 మంది బరువును పండగలకు ముందూ తర్వాతా గమనించారు. నవంబరు చివరి నుంచి కొత్త సంవత్సరం దాకా సాగే వాళ్ల పండగల కాలంలో సగటున పెరిగింది 0.37 కిలోలే. అర కిలో కూడా లేదు. కానీ తర్వాతి నెలల్లో అది తగ్గలేదు. ఏటా అలా కొంచెం కొంచెం మిగిలిపోతే పదేళ్లకు ప్యాంటు నడుము చెబుతుంది లెక్క.

కాబట్టి పండగ పూట కడుపు మాడ్చుకోమని ఇక్కడ ఎక్కడా చెప్పను. పండగ మూడు రోజులూ పండగలాగే గడపండి. కాపలా కాయవలసింది అటూ ఇటూ ఉన్న రోజులను.

బయలుదేరే వారం ముందు

మొదట ఒక కనీస హద్దు పెట్టుకోండి. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని, వారంలో కనీసం 2 రోజులు కండరాలకు పనిచెప్పే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. పండగ వారంలో ఆ 300 దగ్గరికి వెళ్లాలని చూడకండి. కింది అంకెకు దగ్గరగా, అంటే రోజుకు 20 నిమిషాల నడక, వారంలో రెండుసార్లు 15 నిమిషాల కండరాల వ్యాయామం పెట్టుకుంటే చాలు. ఈ పది రోజుల్లో కొత్తగా సాధించవలసింది ఏమీ లేదు. ఉన్నది జారిపోకుండా చూసుకోవడమే పని. కండబలం వారం పది రోజులకు తగ్గిపోదు, నెలల తరబడి కూడబెట్టుకున్నది రెండు వారాలు తేలిగ్గా నిలుస్తుంది. ఆయాసం లేకుండా పరుగెత్తే శక్తి మాత్రం రెండు వారాలు పూర్తిగా కూర్చుంటే తగ్గడం మొదలవుతుంది. అందుకే నడకను అసలు మానకండి, బరువులు ఎత్తడం తగ్గినా ఫరవాలేదు.

తర్వాత ఆ 20 నిమిషాలు ఎప్పుడు, ఎక్కడ అన్నది తేల్చుకోండి. "ఊళ్లో వీలు చూసుకుని నడుస్తాను" అన్నవాళ్లకు పండగ ఇంట్లో వీలు చిక్కదు. ముఖం కడుక్కోగానే, కాఫీ తాగకముందే, చెరువు గట్టు దాకా వెళ్లి రావాలి అని స్పష్టంగా అనుకోండి. ఒక పనిని మరో పనికి ఇలా ముడివేస్తే అది జరిగే అవకాశం ఎక్కువని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లోనే రాశారు. ఇలాంటి మరో పరిశోధనలోంచి ఊరట కలిగించే మాట ఇంకొకటి ఉంది. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిప్పా లాలీ బృందం ఒక అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పడుతుందని గమనించింది. కొందరికి 18 రోజులు చాలాయి, కొందరికి 254 రోజులు పట్టవచ్చని తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు కుదరడానికి పెద్దగా తేడా రాలేదు. భోగి మంట ముందు కబుర్లలో పడి ఒక పూట నడక పోతే పోనివ్వండి. మర్నాడు వెళ్లండి, అంతే.

ఇక సంచి సర్దుకోవడం. పట్టుచీరలు, కొత్త బట్టలు, పిల్లల గాలిపటాలు అన్నీ సర్దాక బూట్లకు చోటుండదు, "ఊళ్లో చెప్పులు ఉంటాయిగా" అని ఊరుకుంటారు. సగం మంది నడక ఆగిపోయేది ఇక్కడే. బూట్లను అన్నిటికన్నా ముందు, సంచి అడుగున పెట్టండి. లేదా ప్రయాణంలో తొడుక్కునే వెళ్లండి. వాటితోపాటు పాత టీ షర్టు ఒకటి, తెల్లదో పసుపుదో లేత రంగుది తీసుకోండి, ఎందుకో కింద చెబుతాను.

ఇంకొకటి, ఊళ్లో ఒక్కరికి ముందే ఫోను చేసి చెప్పండి. బావమరిదో, బాబాయో, పక్కింటి చిన్ననాటి స్నేహితుడో ఎవరైనా సరే. "పొద్దున్నే కాలవ గట్టు మీద నడుద్దాం, నువ్వూ రా" అంటే చాలు. ఒంటరిగా లేచి వెళ్లేవాడికి దుప్పటి అడ్డం వస్తుంది. బయట ఒకరు నిలబడి పిలుస్తుంటే లేవక తప్పదు.

దారిలో

హైదరాబాదు నుంచి విజయవాడ 275 కిలోమీటర్ల దారి. మామూలు రోజుల్లో నాలుగైదు గంటల్లో చేరుకుంటాం. పండగ ముందు రోజుల్లో పంతంగి టోల్‌ప్లాజా దగ్గరే వాహనాలు బారులు తీరతాయి, ప్రయాణం ఎంతసేపు పడుతుందో దేవుడికే తెలియాలి. అన్ని గంటలు కదలకుండా కూర్చుంటే కాళ్లు బరువెక్కుతాయి, పాదాలు వాస్తాయి. రెండు గంటలకు ఒకసారి ఆపి, ఐదు నిమిషాలు నడవండి. బస్సులోనో రైల్లోనో ఉంటే కూర్చున్నచోటే మడమలు పైకెత్తి దించడం, పాదాలు గుండ్రంగా తిప్పడం చేస్తుండండి. రైలైతే అసలు సమస్యే లేదు, లేచి పెట్టె చివరిదాకా నడిచి రావచ్చు.

దారిలో తినే చిరుతిళ్లకు పండగతో సంబంధం లేదు. చిప్స్, కూల్‌డ్రింక్, దాబాలో నూనె ఓడే పకోడీ, వీటిని వదిలేస్తే మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు. ఇంటి నుంచి పులిహోరో, ఉడకబెట్టిన గుడ్లో, అరటిపళ్లో పట్టుకెళ్లండి.

ఊళ్లో పొద్దున

ధనుర్మాసం తెల్లవారుజాములు నడకకు ఎంత బాగుంటాయో వేరే చెప్పక్కర్లేదు. కానీ రెండు జాగ్రత్తలు ఉన్నాయి. మొదటిది మంచు. కోస్తా పల్లెల్లో, కాలవల పక్కన, జనవరిలో పొద్దున ఏడు దాకా కూడా ఎదుటి మనిషి కనిపించని రోజులు ఉంటాయి. లేత రంగు చొక్కా తీసుకోమన్నది అందుకే. హైవే అంచున, ఆటోలు తిరిగే రోడ్డు మీద ఆ వేళ నడవకండి. చెరువు గట్టు, పొలం బాట, బడి మైదానం మంచివి. రెండోది గుండె జబ్బు, అధిక రక్తపోటు, ఉబ్బసం ఉన్న పెద్దలు. వాళ్లను చలిలో నాలుగింటికే లేపి నడిపించకండి. ఎండ పొడ వచ్చాక తీసుకెళ్లండి. ఉబ్బసం ఉన్నవారు భోగి మంట పొగ తమ మీదికి రాని వైపు దూరంగా నిలబడాలి.

నడకకు అసలు అడ్డంకి మంచు కాదు, అరుగుల మీద కూర్చున్న చుట్టాలు. వీధిలోకి అడుగు పెట్టగానే "ఎప్పుడొచ్చావురా?" అని ఒక గొంతు. రెండు ఇళ్లు దాటగానే "పిల్లలు రాలేదా?" అని ఇంకొకటి. మూడో ఇంట్లో కాఫీ, నాలుగో ఇంట్లో కొత్త కోడలి పరిచయం. 20 నిమిషాల నడక 200 అడుగులకే ముగుస్తుంది. వాళ్లను తప్పించుకుని వెళ్లడం మర్యాద కాదు, ఊరు వచ్చిందే వాళ్లను చూడటానికి. అందుకని దొడ్డివైపు నుంచి నేరుగా ఊరి బయటకు వెళ్లి నడక ముగించుకోండి, తిరిగి వచ్చేటప్పుడు వీధి వైపు నుంచి రండి. పలకరింపులన్నీ అప్పుడు తీరికగా జరుగుతాయి, చెమట పట్టిన చొక్కా చూసి కాఫీ బలవంతం కూడా కొంచెం తగ్గుతుంది. చేతిలో చిన్న కర్ర ఉంటే మంచిది. ఊరి కుక్కలకు మీరు కొత్త మనిషి.

కండరాల వ్యాయామానికి జిమ్ లేదని బాధపడేవారు ఇంటి అరుగు వైపు ఒకసారి చూడండి. ముందు రెండు మూడు నిమిషాలు నిలబడిన చోటే నడుస్తూ, భుజాలు తిప్పుతూ ఒళ్లు వెచ్చబరచండి. తర్వాత ఈ నాలుగూ చేయండి.

1. అరుగు అంచుకు రెండు చేతులు ఆనించి, కాళ్లు వెనక్కి చాపి 10 దండీలు. నేల మీద తీయలేనివారికి ఈ ఎత్తు సులువు. అలవాటున్నవారు నేల మీదే తీయండి.
2. 15 బస్కీలు. మోకాళ్ల నొప్పి ఉంటే అరుగు మీద కూర్చుని చేతుల సాయం లేకుండా లేవండి, అదే చాలు.
3. రెండు బకెట్లలో నీళ్లు నింపి, రెండు చేతులతో ఎత్తి పెరడు ఈ చివర నుంచి ఆ చివరకు నడక. 10 లీటర్ల బకెట్టు అంటే 10 కిలోల పైమాటే. నడుము వంచకుండా మోకాళ్లు వంచి ఎత్తండి. ఆ నీళ్లు కళ్లాపికో మొక్కలకో పనికొస్తాయి, ఇంట్లో పేరూ వస్తుంది.
4. మోచేతులు, కాలి వేళ్ల మీద ఒంటిని బల్లలా తిన్నగా నిలిపి 20 నుంచి 30 సెకన్లు.

ఈ వరుసను మూడుసార్లు తిప్పితే 15 నిమిషాలు అవుతుంది. బకెట్లు మోసేటప్పుడు మేనమామ ఏదో ఒకటి అనకుండా ఉండరు, నవ్వి ఊరుకోండి. సూర్య నమస్కారాలు వచ్చినవారికి ఇవేవీ అక్కర్లేదు, ఆరేడు నిదానంగా చేస్తే సరిపోతుంది.

ముగ్గులు వేసేవారికి ఒక మాట. గంటసేపు నడుం వంచి పెద్ద రథం ముగ్గు వేశాక మర్నాడు లేవలేని పరిస్థితి చాలామందికి తెలుసు. చుక్కలు పెట్టేటప్పుడు గొంతుక్కూర్చుని పెట్టండి, పది నిమిషాలకు ఒకసారి లేచి నడుం మీద చేతులు పెట్టుకుని వెనక్కి వంగండి.

వంటింట్లో ఉన్నవారి సంగతి

ఇలాంటి సలహాలన్నీ మగవాళ్లను దృష్టిలో పెట్టుకునే రాస్తారేమో అనిపిస్తుంది. ఇంటినిండా చుట్టాలుంటే ఆడవాళ్లకు ఆ 20 నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయి? "రోజంతా పనే కదా, వ్యాయామం అయిపోయినట్టే" అని సర్దిచెప్పేవాళ్లు ఉంటారు. పొయ్యి ముందు ఆరు గంటలు నిలబడటం వ్యాయామం కిందికి రాదు. కాళ్లు లాగుతాయి, నడుం పట్టేస్తుంది, గుండెకు మాత్రం నడక ఇచ్చే మేలు ఇవ్వదు.

దీనికి మందు ఒకటే. నడిచి వచ్చిన మగవాళ్లు తర్వాతి అరగంట వంటింటి పని తీసుకోవాలి. అరిసెల పాకం పట్టడం అనుభవం ఉన్న చేతుల పని, అది వదిలేయండి. కానీ నూనెలోంచి తీసిన అరిసెను రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కడానికి కావలసింది బలమే. అది ఎవరైనా చేయవచ్చు, చేయాలి కూడా. గట్టిగా నొక్కితే నూనె బాగా దిగుతుంది, తినే అందరికీ మేలు. కూరగాయలు తరగడం, గారెల పిండి రుబ్బించుకు రావడం, అంట్లు తోమడం, ఏదో ఒకటి పట్టుకోండి. ఆ అరగంటలో వదినా మరదళ్లు కలిసి గుడి దాకా నడిచి వస్తారు.

విస్తరి ముందు

చేతిలో ఇమిడే మామూలు అరిసె ఒకటి, 50 గ్రాములు తూగేది, లెక్క వేస్తే సుమారు 200 కేలరీలు. బియ్యప్పిండి కొంత, బెల్లం కొంత, పీల్చుకున్న నూనె కొంత. 65 కిలోల మనిషి ఆ 200 కరిగించాలంటే ముప్పావు గంటకు పైగా చురుగ్గా నడవాలి. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. తిన్నదాన్ని నడిచి కరిగిద్దామనే పందెంలో గెలవలేమని చెప్పడానికి. నాలుగు అరిసెలు తిని మూడు గంటలు నడిచేవారు ఎవరూ లేరు. నడకను తిండికి శిక్షగా మార్చుకోకండి, రెండింటినీ వేరువేరుగా చూడండి.

తినడానికి ఒక సులువైన సూత్రం ఉంది. ఏడాదంతా దొరికేదాన్ని వదలండి, ఇప్పుడు, ఇక్కడ మాత్రమే దొరికేదాన్ని తినండి. అమ్మ చేసిన అరిసె, అత్తమ్మ చుట్టిన సకినం, నానమ్మ సున్నుండ తినవలసినవే. బేకరీ కేకు, ప్యాకెట్టు మిక్చరు, రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా మీ వీధి చివర కొట్లో కూడా ఉన్నాయి. పండగ ఇంట్లో వీటిని పక్కన పెడితేనే సగం భారం దిగిపోతుంది.

సంక్రాంతి కాలంలో భూమి ఇచ్చేవాటిలో చాలావరకు ఒంటికి మంచివే. రేగిపళ్లు, కోస్తాలో తేగలు, రాయలసీమలో అనపకాయలు, ఎక్కడ చూసినా కందికాయలు. భోగి నాడు నువ్వులు అద్దిన సజ్జరొట్టె చేసే ఇళ్లు ఉన్నాయి. అది దొరికితే ఇడ్లీ, పూరీలను మించిన ఫలహారం. పొద్దున్నే అరిసె, జంతిక, కాఫీతో కడుపు నింపుకుంటే పదకొండింటికి మళ్లీ ఆకలి. ముందు గుడ్డో, పెసరట్టో, ఓ గిన్నెడు పెరుగో తిని ఆ మీదట ఒక అరిసె తినండి. కడుపులో మాంసకృత్తులు పడ్డాక తీపి మీద చేయి దానంతట అదే నెమ్మదిస్తుంది.

బెల్లంతో చేసింది కాబట్టి ఫరవాలేదన్న మాట పండగ ఇళ్లలో చాలా వినిపిస్తుంది. కేలరీల్లో బెల్లానికీ పంచదారకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. రక్తంలో చక్కెరను రెండూ పెంచుతాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైచిలుకు. అంటే పంక్తిలో కూర్చున్నవారిలో ఎవరో ఒకరికి ఉండే ఉంటుంది. మధుమేహం ఉన్నవారు ఏదో ఒక పూట ఒక తీపి వంటకం, అదీ భోజనం చివర్లో, చిన్న ముక్క తినండి, ఆ పూట అన్నం తగ్గించండి. తీపి తిన్నామని మాత్ర ఎక్కువ వేసుకోవడం, తిండి మానేసి మాత్ర మాత్రం వేసుకోవడం, రెండూ ప్రమాదమే. ఇన్సులిన్ తీసుకునేవారు పండగ రోజుల మోతాదు గురించి బయలుదేరేముందే డాక్టరుతో మాట్లాడుకోండి.

వద్దనడం ఎలా అన్నది మరో విద్య. "డైటింగ్ చేస్తున్నాను" అన్నారంటే ఇంట్లో చర్చా గోష్ఠి మొదలవుతుంది, మీ ముఖం ఎంత పీక్కుపోయిందో నలుగురూ చెబుతారు. విస్తరి ఖాళీగా కనిపించినా మళ్లీ వడ్డిస్తారు, అందుకే నెమ్మదిగా తినండి, కొంచెం మిగలనివ్వండి. "చాలా బాగుంది పిన్నీ, ఇంకొకటి సాయంత్రం టీతో తింటాను" అంటే పిన్నికి తృప్తి, మీకు గడువు. సాయంత్రానికి ఆమె మరిచిపోతుంది, లేదా మీకు నిజంగానే ఆకలేస్తుంది. గోదావరి జిల్లాల కొత్త అల్లుళ్లకు ఈ కిటుకు పనిచేయదు. వందల రకాలు వడ్డించి ఫొటోలు తీసే ఆ పంక్తి గురించి ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం. వారికి నా సలహా ఒక్కటే, అన్నీ రుచి చూడండి, దేన్నీ పూర్తి చేయకండి.

భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు నడవండి. అన్నం తిన్న వెంటనే రక్తంలో పెరిగే చక్కెరను కాళ్ల కండరాలు వాడుకుంటాయి, ఆ పెరుగుదల తగ్గుతుంది. దీనికి బూట్లు అక్కర్లేదు, చెమట పట్టక్కర్లేదు. పిల్లలను వెంటబెట్టుకుని గంగిరెద్దు ఏ వీధిలో ఉందో చూసి రండి. కనుమ నాడు ఇది మరీ అవసరం. మినుము తినాలని ఆచారం, గారెలూ నాటుకోడి కూరా లేకుండా ఆ రోజు గడవదు. కనుమ నాడు కాకి కూడా కదలదని పెద్దలు అంటారు, ప్రయాణాలు మానుకోమని దాని అర్థం. మంచం దిగవద్దని కాదు.

రాత్రుళ్లు పేకాట, కొత్త సినిమా రెండో ఆట, అర్ధరాత్రి కబుర్లు. నిద్ర తగ్గిన మర్నాడు ఆకలి ఎక్కువ వేస్తుంది, మంచం వదలబుద్ధి కాదు. మూడు రాత్రుల్లో ఒక్క రాత్రైనా పదింటికి పడుకోండి. పందేల దగ్గర కోడి గెలిచినా ఓడినా సీసా మూత తీసేవారికి నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

ఊరు వెళ్లనివారు, సముద్రాలు దాటినవారు

హైదరాబాదులోనే ఉండి మేడ మీద గాలిపటాలు ఎగరేసేవారు అదే వ్యాయామం అనుకోకండి, ఎండలో మెడ ఎత్తి నిలబడటమే ఎక్కువ. నీళ్లు తాగుతూ ఉండండి, పొద్దున నడక ముగించుకునే మేడ ఎక్కండి. నగరం సగం ఖాళీ అయిన ఆ మూడు రోజులు రోడ్ల మీద నడిచే సుఖం ఏడాదిలో మళ్లీ రాదు. అమెరికాలో ఉన్నవారికి క్రిస్మస్ సెలవులు, కొత్త సంవత్సరం, తర్వాత వారాంతంలో జరుపుకొనే సంక్రాంతి వరుసగా వస్తాయి, పైగా మంచు. తలా ఒక వంటకం తెచ్చుకునే విందుకు మీ వంతుగా తీపి తీసుకెళ్లకుండా కోసంబరినో, గుగ్గిళ్లనో తీసుకెళ్లండి. బయట నడవలేని రోజున పైన చెప్పిన నాలుగు వ్యాయామాలకు అరుగు బదులు సోఫా చాలు.

తిరిగి వచ్చాక డబ్బాల సంగతి

ఇప్పుడు అసలు పరీక్ష. డిక్కీలో మీ సామాను కన్నా అమ్మ సర్దినవి ఎక్కువ ఉంటాయి. స్టీలు డబ్బాలో అరిసెలు, పాత హార్లిక్స్ సీసాలో సున్నుండలు, బిస్కెట్ల డబ్బాలో జంతికలు, పాలిథిన్ కవరులో కజ్జికాయలు, అన్నింటి మీదా ఆవకాయ జాడీ. "వద్దమ్మా, తగ్గించు" అని చెప్పి చూడవచ్చు గానీ, కారు ఎక్కేముందు ఇంకో కవరు కిటికీలోంచి లోపలికి రావడం ఖాయం. ఊళ్లో వాదించి లాభం లేదు. ఇంటికి చేరిన రోజే, బట్టలు ఉతక్కముందే, డబ్బాల పని చూడండి.

మొదట పంచేయండి. ఆఫీసుకు ఒక డబ్బా, వాచ్‌మన్ ఇంటికి ఒకటి, ఊరు వెళ్లని పక్కింటివారికి ఒకటి. మంచివి మీరు ఉంచుకుని విరిగినవి పంచకండి, బాగున్నవే ఇవ్వండి. పండగ సామాను పంచడం మనకు కొత్త కాదు, అమ్మకు తెలిసినా సంతోషిస్తుంది.

మిగిలినవి గాజు సీసాలో భోజనాల బల్ల మీద పెట్టకండి. కనిపించే తిండి ఆకలితో పని లేకుండా నోట్లోకి పోతుంది. స్టీలు డబ్బాలో, మూత బిగించి, స్టూలు వేసుకుంటే గానీ అందని అటక మీద పెట్టండి. అరిసెలు తడి తగలకపోతే వారాల తరబడి నిలవుంటాయి, "పాడైపోతాయేమో" అని తొందరపడి తినక్కర్లేదు. రోజుకు ఒకటి, టీ వేళ, పళ్లెంలో పెట్టుకుని, కూర్చుని తినండి. డబ్బాలో చేయి పెట్టి తినడం మాత్రం మానేయండి.

నిజానికి అరిసె కన్నా జంతికలు ప్రమాదం. అరిసెకు ఒక లెక్క ఉంది, రెండు తింటే మొహం మొత్తుతుంది. జంతికలు, సకినాలు, చెక్కలు ఉప్పూ కారంగా కరకరలాడుతూ లెక్కకు అందకుండా పోతుంటాయి, టీవీ ముందైతే గుప్పెడు మీద గుప్పెడు. ఒక చిన్న గిన్నెలో తీసుకుని, డబ్బా మూత పెట్టి, డబ్బాను మళ్లీ అటక మీద పెట్టాకే గిన్నె ముందు కూర్చోండి.

మళ్లీ మొదలుపెట్టడం

ప్రయాణం చేసి వచ్చిన మర్నాడే కదలండి. ఒళ్లు నొప్పులు, ఆఫీసులో పేరుకున్న పని, పిల్లల బడి, అన్నీ ఉంటాయి. అయినా పది నిమిషాలైనా బయటకు వెళ్లి రండి. "సోమవారం నుంచి", "ఒకటో తారీఖు నుంచి" అని మంచి రోజు చూసుకుంటే శివరాత్రి వచ్చేస్తుంది. జిమ్‌లో మొదటి రెండు రోజులు మునుపటి బరువుల్లో మూడింట రెండు వంతులు చాలు. నాలుగు రోజుల తిండిని ఒక్క పూటలో వదిలించుకుందామని రెండు గంటలు చేస్తే, ఒళ్లు పట్టేసి మిగతా వారమంతా పోతుంది.

తిరిగి రాగానే ఉపవాసాలు, నిమ్మరసం మీద బతికే ప్రయోగాలు వద్దు. రెండు రోజులు ఆకలి చంపుకుని మూడో రోజు అటక దింపుతారు. మామూలు పప్పు, కూర, మజ్జిగ అన్నంలోకి తిరిగి రావడమే సరైన పథ్యం.

మొదటి వారం బరువు చూసుకోకండి. ఉప్పు, పిండి పదార్థాలు ఎక్కువ తిన్నప్పుడు ఒళ్లు నీటిని పట్టుకుంటుంది. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజన్ అనే పిండి పదార్థం ప్రతి గ్రాముతోపాటు సుమారు 3 గ్రాముల నీరు చేరుతుంది. 17వ తేదీన యంత్రం చూపించే ఆ రెండు కిలోల్లో చాలా భాగం నీరే, నాలుగు రోజులు మామూలుగా తింటే పోతుంది. వారం దాటాక, పొద్దున్నే, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు తూచుకోండి. టేపుతో నడుము కూడా కొలవండి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్త పడాలన్నది మన దేశంలో డాక్టర్లు వాడే లెక్క. ఆ రెండు అంకెలనూ తేదీతో సహా క్యాలెండరు మీద రాసిపెట్టండి. మాఘమాసం పెళ్లిపిలుపులు ఈపాటికే గుమ్మంలో పడుతుంటాయి. ముహూర్తాల కాలం ముగిశాక మళ్లీ కొలిచి, ఈ అంకెల పక్కనే రాయండి.